పాడైన నీటి మీటర్లపై పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ పురపాలక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం.

హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల వరకు నీటిని ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. మురికివాడలను మినహాయిస్తే, అది వర్తించాలంటే నల్లాకు పనిచేసే మీటరు ఉండి తీరాలి. నిబంధన సబబైనదే, కొలత లేకుండా 20 వేల లీటర్లు ఎక్కడ దాటాయో ఎవరు చెప్పగలరు? అయితే ఆ మీటరే పాడైనప్పుడు భారమంతా వినియోగదారుడి మీదే పడుతోంది. కొనుక్కునేది ఆయనే, బిగించుకునేది ఆయనే, అది తప్పు చూపుతోందని నిరూపించుకోవలసిందీ ఆయనే.

రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే వీధుల్లో లైన్‌మన్ వాల్వు తిప్పగానే, నీటికంటే ముందు ఖాళీ పైపులోని గాలి బుస్సుమంటూ వస్తుంది. సంపులో చుక్క పడకముందే డయల్‌పై చిన్న ఎర్ర చక్రం గిరగిరా తిరగడం గేటు దగ్గర నిలబడి ఎవరైనా చూడవచ్చు. మరోవైపు ఇసుక, తుప్పు జాలీలో చేరి కొన్ని మీటర్లు నెమ్మదిస్తాయి, కొన్ని ఆగిపోతాయి. గుంతలో బిగించిన వాటికి వానాకాలంలో అద్దం లోపల ఆవిరి పట్టి అంకెలే కనబడవు. రీడింగ్ తీసే మనిషి అప్పుడు ఏదో ఒకటి రాయక తప్పదు.

ఈ తప్పును పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఇళ్లలో వాడే మీటర్లకు ఐఎస్ 779 అనే భారతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం సాధారణ ప్రవాహంలో తేడా 2 శాతం, బాగా సన్నని ధారలో 5 శాతం మించరాదు. అంటే మీటరు దాటాక ఉన్న కుళాయి కింద 20 లీటర్ల డబ్బాను అయిదుసార్లు నింపితే, డయల్ 98కీ 102కీ మధ్య చూపాలి. మీటరును విప్పి పరీక్షకు పంపితే, అక్కడి నిండు ధారలో అది సరిగ్గానే తిరుగుతుంది, వీధిలో గాలి చేసే చేటు మాత్రం బయటపడదు. అందుకే మొదటి పరీక్ష ఇంటి దగ్గరే, నీళ్లు వదిలే వేళలోనే, ఇంటివారి ఎదుటే జరగాలన్నది నా ప్రధాన విన్నపం. వాల్వు తెరిచినప్పటి నుంచి సంపులో నీరు పడే దాకా మీటరు ఎంత తిరిగిందో సిబ్బంది విడిగా రాసుకోవాలి.

ఫిర్యాదు అందగానే తేదీతో రసీదు ఇచ్చి, సంగతి తేలే వరకు అంతకుముందు సరిగా నమోదైన రీడింగుల సగటు మీదే బిల్లు వేయాలి. అంతవరకు ఉచిత నీటిని ఆపకూడదు. మీటరు సరైనదేనని తేలితే పరీక్ష ఖర్చు వినియోగదారుడి దగ్గర తీసుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. తప్పని తేలితే మాత్రం అదనంగా వసూలైన సొమ్ము తరువాతి బిల్లులోనే సర్దుబాటు కావాలి. పాత మీటరు చివరి రీడింగును ఫోటో తీసి, దాని మీద ఇరువురి సంతకాలు తీసుకుంటే ఆనక తగవు ఉండదు.

ఆగిపోయిన మీటర్ల సంగతి వేరు. సున్నా బిల్లు వస్తుంటే ఎవరు ఫిర్యాదు చేస్తారు? వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో తోడి తెచ్చిన కృష్ణా నీరు అలా లెక్కకు రాకుండా పోతుంది. నెలల తరబడి రీడింగు కదలని కనెక్షన్లను బిల్లింగ్ కంప్యూటరే ఏరగలదు కనుక, ఆ పని నగర నీటి సరఫరా సంస్థ అయిన జలమండలి తనంతట తానే చేపట్టాలి.

ఈ పద్ధతిని వచ్చే వేసవిలోగా ఒక్క డివిజన్‌లోనైనా అమలు చేయించి, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్నింటిలో మీటరుదే తప్పని తేలిందో ప్రజలకు ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నల్లా వినియోగదారుడు,
హైదరాబాద్