నమోదైన కేసులను బట్టి పల్లె పోలీసుల పనితీరును తేల్చవద్దు: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

గ్రామీణ పోలీస్ స్టేషన్ల పనితీరుపై జరిగే సమీక్షల్లో తరచూ వినవచ్చే మాట ఒకటే: నిరుటికంటే కేసులు తగ్గాయి కనుక స్టేషన్ బాగా పనిచేసింది. ఫిర్యాదుదారును గుమ్మంలోనే వెనక్కి తిప్పి పంపేలా చేస్తున్నది ఈ కొలమానమేనని మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

ఇటీవల మేకలు పోగొట్టుకున్న ఒక వృద్ధురాలికి తోడుగా నేను స్టేషన్‌కు వెళ్లాను. మేము రాసుకెళ్లిన ఫిర్యాదును రైటర్ చదివి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీది అద్దం కిందకు తోశారు. రసీదు అడిగితే, ఎస్సై గారు బందోబస్తుకు వెళ్లారని, వచ్చాక చూస్తామని అన్నారు. మూడోసారి వెళ్లినప్పుడూ ఆ కాగితం అక్కడే ఉంది. ఊరి పెద్దలతో మాట్లాడుకొమ్మని చెప్పి మమ్మల్ని పంపించేశారు. ఆమెకున్న ఆస్తి ఆ మేకలే. రికార్డుల్లో మాత్రం ఆ దొంగతనం జరగనే లేదు.

చట్టంలో లోటేమీ లేదు. కాగ్నిజబుల్ నేరం (అంటే వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం) జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిచెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ విధాన చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్, ఫిర్యాదుదారుకు ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలంటోంది. మూడేళ్లకు తక్కువ కాకుండా, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ జరపవచ్చు గానీ, అది కూడా 14 రోజుల్లో ముగియాలి. కేసుల నమోదు పెరగడమూ నేరాలు పెరగడమూ ఒకటి కాదని జాతీయ నేర గణాంకాల సంస్థ తన వార్షిక నివేదికల్లోనే హెచ్చరిస్తూ వచ్చింది. అయినా కేసులు పెరిగిన స్టేషన్ అధికారి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంటే, ఏ ఎస్సై మాత్రం కేసు కట్టడానికి ముందుకొస్తారు?

అందువల్ల నమోదైన కేసులతో పాటు స్టేషన్‌కు వచ్చిన ఫిర్యాదులన్నింటినీ లెక్కలోకి తీసుకోవాలని కోరుతున్నాను. ప్రతి ఫిర్యాదుకూ నంబరుతో రసీదు ఇప్పించి, ఆ స్టేషన్‌తో సంబంధం లేని సిబ్బంది చేత కొందరు ఫిర్యాదుదారులకు ఫోన్ చేయించి, కాగితం ఏమైందో, దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లోగా తెలిపారో లేదో అడిగిస్తే, నెలవారీ నివేదికల్లో కనబడని సంగతులు బయటపడతాయి. రాజీ పేరుతో ముగిసిన ఫిర్యాదుల్లో ఆ రాజీ ఇష్టపూర్వకంగా జరిగిందో, ఒత్తిడితో జరిగిందో ప్రత్యేకంగా విచారించాలి. ముఖ్యంగా మహిళలు, దళితులు, ఆదివాసీలు ఇచ్చిన ఫిర్యాదుల విషయంలో ఇది తప్పనిసరి.

సిబ్బంది కష్టాన్ని కూడా అదే సమీక్ష నివేదికలో చూపాలి. ఉన్న కొద్దిమంది కానిస్టేబుళ్లలో ఒకరు కోర్టు డ్యూటీకి, మరికొందరు బందోబస్తుకు వెళితే, దూరాన విసిరేసినట్టుండే పల్లెలకు రాత్రి గస్తీ ఎవరు తిరుగుతారు? ఏ స్టేషన్ సిబ్బంది ఎన్ని రోజులు ఇతర విధులకు వెళ్లారో రాయకుండా, పట్టణ స్టేషన్‌తో పోల్చి మార్కులు వేయడం వారికి అన్యాయం చేయడమే.

వచ్చే వార్షిక సమీక్షలోగా, కనీసం ఒక్కో జిల్లాలో కొన్ని గ్రామీణ స్టేషన్లలోనైనా ఈ పద్ధతిని అమలు చేసి, ఫలితాలను ప్రజల ముందుంచేలా ఉత్తర్వులు ఇవ్వాలని మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక గ్రామీణ పౌరుడు