ఆదివారం ఆటకు వచ్చేవాళ్లకు

దేవరకొండలో కలిసినప్పుడు కొత్త పిల్లలు తికమక పడొద్దని రాస్తున్నా. మనది 13 ముక్కల రమ్మీ పేకాట, 101 పూల్, అంటే పాయింట్లు 101కి చేరినవాళ్లు అవుట్. ఒకే గుర్తువి కనీసం మూడు ముక్కలు వరుసగా, జోకర్ (ఏ ముక్క బదులైనా వాడుకునేది) సాయం లేకుండా కలవాలి. ఆటీన్ 5, 6, 7 లాగ. అది ప్యూర్ సీక్వెన్స్. అది లేకుండా షో కొడితే (ఆట అయిందని ముక్కలు చూపిస్తే) ఎన్ని సెట్లున్నా (వేరే గుర్తుల్లో ఒకే నంబరు ముక్కలు) దండగే, 80 పాయింట్లు పడుతది. రెండో సీక్వెన్స్‌లో జోకర్ పెట్టుకోవచ్చు.

ముక్క తీయకముందే డ్రాప్ అయితే (ఆ ఆట వదిలేస్తే) 20 పాయింట్లు, తర్వాత మిడిల్ డ్రాప్ అయితే 40. చెత్త ముక్కలొస్తే మొహమాటం లేకుండా డ్రాప్ కొట్టండి. ఓడినవాళ్ల చేతిలో కలవకుండా మిగిలిన రాజు, రాణి, జాకీ, ఆసు ఒక్కోటి 10 కౌంట్, జోకర్‌కు సున్నా.

పైసలు పెట్టేది లేదు. 2017 నుంచి మన తెలంగాణలో ఆన్‌లైన్‌లో డబ్బులకు ఆడటం నిషేధం, యాప్ లింకులు ఇక్కడ వేయకండి. పేక కట్టలు రెండు నేను తెస్తా.