‘బ్రేకులు ఫెయిల్’ అని రాసి వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

బస్సు బోల్తా పడినా, లారీ వెళ్లి ఆటోను గుద్దినా మన పేపర్లలో ‘బ్రేకులు ఫెయిల్ కావడంతో’ అన్న ముక్క తరచూ కనిపిస్తుంది. డిపో గ్యారేజీలో ముప్ఫై ఏళ్లు బ్రేకుల పని చేసి రిటైరైనవాణ్ని. అది చదివినప్పుడల్లా ఆ బండి బ్రేకు డ్రమ్ములు (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలు) చివరిసారి ఎప్పుడు విప్పారో అడగాలనిపిస్తుంది.

గొట్టం పగిలో, గాలి లీకయ్యో ఉన్నట్టుండి బ్రేకులు పోవడం లేకపోలేదు. కానీ నా చేతికి వచ్చినవాటిలో ఎక్కువ, నెలల తరబడి అరిగి అక్కడిదాకా వచ్చినవే. బ్రేకు నొక్కితే డ్రమ్మును లోపలినుంచి ఒరుసుకుని ఆపే వంపు ముక్కే షూ, దాని మీద బిగించిన పట్టీ లైనర్. లైనర్ అరిగేకొద్దీ షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరుగుతుంది. ఎయిర్ బ్రేకుల బండిలో గాలి ఒత్తిడితో కదిలే పుష్ రాడ్ మరింత ముందుకు వస్తే గానీ షూ వెళ్లి డ్రమ్మును పట్టుకోదు. ఆ సందును తగ్గించే స్లాక్ అడ్జస్టర్‌ను ఎప్పటికప్పుడు సరిచేయకపోతే ఒక దశ దాటాక రాడ్ నెట్టే బలమే తగ్గిపోతుంది. దీనికి వేడి తోడవుతుంది. ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే డ్రమ్ము కాగి సాగుతుంది, సందు ఇంకా పెరుగుతుంది, లైనర్ పట్టు జారుతుంది. అందుకే పొద్దున్నే షెడ్డు ముందు ఖాళీ బండిని నాలుగడుగులు నడిపి, బ్రేకు నొక్కి, ‘బానే ఉన్నాయి’ అనుకోవడం ఒట్టి భ్రమ.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. డ్రైవర్ కాలు బ్రేకు మీదికి వచ్చేసరికే అంత దూరం అయిపోతుంది. ఆ తర్వాత 28 మీటర్లలో ఆగాల్సిన బండి, బ్రేకుల పట్టు సగానికి పడిపోతే 56 మీటర్లు పోయి గానీ ఆగదు. కిక్కిరిసి ఎక్కించుకుంటే ఆ బరువునంతా ఆపాల్సింది కూడా ఆ అరిగిన లైనర్లే. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో లోయలో పడిన బస్సులో వందమందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా పోయారు.

మా వీధిలోకి వచ్చే స్కూల్ బస్సు పోయిన డిసెంబర్‌లో ఆగినప్పుడల్లా గర్రుమని ఇనుము గీసుకున్న చప్పుడు చేసేది. డ్రైవర్ కుర్రాణ్ని బతిమాలి ఒక ఆదివారం వెనక చక్రం విప్పించాను. లైనర్ అయిపోయి ఇత్తడి రివెట్ల తలలు తళతళలాడుతున్నాయి. డ్రమ్ము లోపల గోరు దిగేంత చాళ్లు పడ్డాయి. “ఎఫ్‌సీ జూన్‌లోనే అయింది కదా సార్” అన్నాడు. అబద్ధం కాదు, బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని రవాణా శాఖ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) కాగితం ఉంది. లైనర్ల సంగతి రెండు నెలలుగా చెబుతుంటే, సంక్రాంతి సెలవుల్లో చూద్దామన్నారట యాజమాన్యం వాళ్లు. అప్పటిదాకా పిల్లలు ఎక్కుతూనే ఉండాలన్నమాట!

స్కూల్ బస్సుల ఎఫ్‌సీ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేముందు ఆఫీసుల దగ్గర బస్సులు బారులు తీరతాయి, తర్వాత ఏడాదంతా అడిగేవాళ్లుండరు. దసరా సెలవుల్లో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి డ్రమ్ములు విప్పి, లైనర్ మందం కొలిచి, తేదీతో సహా రాసిన కాగితం బస్సులోనే ఉంచాలని రవాణా శాఖ నిబంధన పెట్టాలి. బస్సుకు ఒక పూట పని, అంతే. బస్సు ఫీజు కట్టేటప్పుడు తల్లిదండ్రులు కూడా ఆ కాగితం చూపించమని అడగొచ్చు.

మీ విలేకరులకు కూడా ఒక మాట చెప్పండి సార్. ఈసారి ఎక్కడైనా బ్రేకులు ఫెయిలయ్యాయని ఎవరైనా అంటే, లైనర్లు ఎప్పుడు మార్చారో కనుక్కుని అది కూడా వార్తలో రాయమనండి.

— ఒక రిటైర్డ్ మెకానిక్, నంద్యాల