కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఇంటి తోటకు మన నేల మొక్కలు

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, కాలువల పూడికతీత, జమాఖర్చుల వివరాలు జత చేసిన పత్రంలో ఉన్నాయి. ఈ ఏడాది ఎక్కువ చర్చ జరిగింది మొక్కల మీదే కాబట్టి ఆ సంగతి వివరంగా రాస్తున్నాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో చెట్లను కూల్చేశాక, త్వరగా పచ్చదనం రావాలని ఊరంతా ఏడాకుల పాల చెట్లను విరివిగా నాటారు. అది మన దేశపు చెట్టే. అయినా చలికాలం మొదట్లో వీధి పొడవునా ఒక్కసారే పూస్తే ఆ ఘాటుకు తలనొప్పి, ఆయాసం వస్తున్నాయని సభ్యులు ఈసారి కూడా చెప్పారు. అందుకే దేశవాళీ అన్న ఒక్క మాట మీద ఏ మొక్కా ఇవ్వకూడదని కమిటీ నిర్ణయించింది. జాగా ఎంత ఉంది, గోడ ఎంత దూరం, పైన కరెంటు తీగలున్నాయా, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లున్నారా అని అడిగాకే వానాకాలంలో మొక్కలు పంచాం.

పెరడు పెద్దదైతే పొన్న, పొగడ, కానుగ ఇచ్చాం. పొన్న నెమ్మదిగా ఎదుగుతుంది గానీ సముద్రపు ఉప్పుగాలికి బాగా తట్టుకుంటుంది, మన ఊరికి అంతకన్నా తగిన చెట్టు అరుదు. చిన్న జాగాకు పారిజాతం, నందివర్ధనం, నూరు వరహాలు. బాల్కనీ కుండీలకు కనకాంబరం, తులసి, కరివేపాకు.

విదేశీ చెట్టయిన కోనోకార్పస్ అడిగినవారికి ఇవ్వలేదు. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటడం నిషేధించాయి. బంతి, కాగితంపూలు, దేవగన్నేరు అమెరికా ఖండాల నుంచి వచ్చినవని చెప్పినప్పుడు, అయితే పీకేయాలా అని కొందరు కంగారుపడ్డారు. అక్కర్లేదు. బంతిపూలు లేని పండగ గుమ్మాన్ని ఎవరు కోరుకుంటారు? కొత్తగా పెట్టేవాటిలో మన మొక్కలకు ముందు చోటివ్వమనే అడుగుతున్నాం.

ఎక్కువ ఫోన్లు వచ్చింది కరివేపాకు గురించి. "పురుగు పట్టింది, ఏం మందు కొట్టాలి?" అని. దయచేసి ఏ మందూ కొట్టకండి. ఆకు మీద పిట్టరెట్టలా కనిపించేది సీతాకోకచిలుక గొంగళి. పెద్దదవుతూ పచ్చగా మారుతుంది, ఆ తర్వాత నల్లటి రెక్కల మీద తెల్ల మచ్చల వరసతో ఎగిరిపోతుంది. కరివేపాకు, నిమ్మ లాంటి మొక్కల మీదే అది గుడ్లు పెడుతుంది, కాగితంపూల తీగ మీద పెట్టదు. ఆకులు పోయిన కొమ్మ మళ్లీ చిగురిస్తుంది. పైగా ఆ ఆకు మనం కూరలో వేసుకునేది, దాని మీద మందు ఎందుకు? మొక్క మరీ చిన్నదైతే ఒకటి రెండు గొంగళ్లను పక్కనున్న పెద్ద కరివేప చెట్టు మీదికి మార్చండి.

వచ్చే వేసవిలో కానుగ, పొగడ గింజలు ఏరి కాలనీ పార్కులోనే నారు పోయాలని తీర్మానించాం. ఖాళీ పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి, ఉగాదిలోగా సంఘం గదిలో ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి