ఆ అరగంట ఎక్కడికి పోతోంది, మంత్రి గారూ?

కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను పదకొండేళ్లు ఒక గోడౌన్‌లో పనిచేశాను. అక్కడి రిజిస్టర్‌లో భోజన విరామానికి ఒక గడి ఉండేది. రోజూ అరగంట విరామం తీసుకున్నట్టు నెలాఖరున ఒకేసారి అన్ని సంతకాలూ పెట్టించుకునేవాళ్లు. నిజానికి లారీ వచ్చిందంటే సగం అన్నం వదిలేసి లేవాల్సిందే. కాగితాల్లో మాత్రం చట్టానికి ఏ లోటూ ఉండేది కాదు.

ఒకరోజు మా తోటివాడు ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి తీస్తూ, వెనక ఉన్న మనిషిని చూసుకోలేదు. ఆ మనిషి కాలు నుజ్జయింది. విచారణలో 'డ్రైవర్ అజాగ్రత్త' అని రాశారు. అప్పటికి అతను పనిలోకి దిగి పదమూడో గంట నడుస్తోందని ఎవరూ రాయలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

పని గంటల పరిమితి ఎవరో దయతలచి ఇచ్చింది కాదండీ. 1886లో షికాగో కార్మికులు ఎనిమిది గంటల పని కోసం వీధుల్లోకి వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసుకున్న మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో పని రోజుకు 8, వారానికి 48 గంటలు దాటకూడదని. గంటలు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందని మీకు చెప్పేవాళ్లు ఉంటారు. అదే సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2021లో వేసిన లెక్క కూడా చూడండి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ల కన్నా పక్షవాతం ముప్పు దాదాపు 35 శాతం ఎక్కువట. అలాంటి పని వల్ల 2016 ఒక్క ఏడాదిలోనే పక్షవాతం, గుండెజబ్బులతో సుమారు 7,45,000 మంది చనిపోయారని అంచనా.

పరిమితిని సడలించకండి. అయితే నేను అడిగేది అంతకన్నా చిన్నది. ఉన్న గంటలను నిజాయితీగా లెక్కపెట్టించండి. లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా ప్రతి నిమిషం నమోదు కావాలి, ఆ నకలు ఉద్యోగి చేతిలో ఉండాలి. ఉద్యోగుల రోజువారీ పని సమయాన్ని కొలిచే నమ్మదగిన ఏర్పాటు యాజమాన్యాలే చేయాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019లోనే చెప్పింది.

విరామంలో ఫోన్ చేసి పిలిస్తే అది విరామం కాదు, పనే. దానికి జీతం ఇవ్వాలి. ఓవర్‌టైమ్ 'ఇష్టపడితేనే' అని రాస్తే సరిపోదు. కొత్తగా చేరినవాడు సూపర్‌వైజర్‌కి వద్దని ఎలా చెప్పగలడు? వద్దన్నందుకు డ్యూటీలు తగ్గించినా, పనిలోంచి తీసేసినా శిక్ష ఉండాలి.

ప్రమాదాల నివేదికలో ఒక ప్రశ్న చేర్చండి: గాయం జరిగేసరికి అక్కడున్నవాళ్లు ఎన్ని గంటలుగా పనిలో ఉన్నారు? ఇక తనిఖీకి వచ్చే అధికారులను ముందుగా చెప్పకుండా, భోజన సమయంలో పంపండి. రిజిస్టర్ తర్వాత చూడొచ్చు. ముందు ఎవరెవరు కూర్చుని తింటున్నారో చూడమనండి.

ఇట్లు,
ఒక గోడౌన్ మాజీ ఉద్యోగి