నలుపు పోగొట్టే చిట్కాలు ఇక వేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధం మహిళల పేజీలో 'ఎండకు నల్లబడ్డారా?' అని ఒక బాక్సు కట్టి వేశారు. శనగపిండి, పెరుగు, నిమ్మరసం, అంతవరకు పర్వాలేదు. చివర్లో 'త్వరగా ఫలితం కావాలంటే మెడికల్ షాపులో దొరికే క్రీములు వాడవచ్చు' అని ఒక ముక్క రాశారు చూశారా, ఆ ముక్క గురించే ఈ ఉత్తరం.

నేను గాజువాక దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల నెల రోజులుగా చున్నీ ముక్కు దాకా కప్పుకుని వెనక బెంచీలో కూర్చుంటోంది. ఒకరోజు స్టాఫ్ రూమ్‌కి పిలిచి చున్నీ తీయమంటే చాలాసేపు తీయలేదు. తీశాక చూస్తే రెండు బుగ్గలూ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. చర్మం ఉల్లిపొరలా పల్చబడి, కింద రక్తనాళాలు ఎర్రదారాల్లా కనిపిస్తున్నాయి, పై పెదవి మీద నూగు వెంట్రుకలు కూడా లేచాయి. వాళ్ళమ్మ చేపలమ్ముతుంది. 'రంగు తేలతాదని షాపోడే ఇచ్చాడు టీచరమ్మా, నలబై రూపాయలే గదా అని నానే కొన్నాను' అంది. చర్మం డాక్టరుకు చూపిస్తే అందులో స్టెరాయిడ్ ఉందని, ఆపిన కొన్నాళ్ళు మంట ఇంకా పెరుగుతుందని, ఓర్చుకోవాలని చెప్పారు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగినవాళ్ళకల్లా ఇస్తున్నారు. దానికి తోడు పేపరు కూడా వాడమంటే ఆ తల్లి ఎవరిని నమ్మాలి?

అసలు ఆ పిల్ల పోగొట్టుకోవాలనుకున్న నలుపు దేనికోసం వచ్చిందో మీ పాఠకులకు చెప్పండి. మన విశాఖలో ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారంలో ఒకసారి, మళ్ళీ ఆగస్టు మొదట్లో ఒకసారి, సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ వేళ ఆర్కే బీచ్‌లో నిటారుగా కర్ర పాతితే దాని నీడ మొదట్లోనే ఆగిపోతుంది. ఎండ అంత నిట్టనిలువుగా పడే చోట అతినీలలోహిత కిరణాలు, అదే యూవీ, గాలిపొరల్లో పెద్దగా వడకట్టుకోకుండా ఒంటి మీదికి దిగుతాయి. అవి చర్మకణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి, ఫోలేట్ అనే విటమిన్‌ను కూడా విరగ్గొడతాయి. గర్భం నిలిచిన తొలి వారాల్లో బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడటానికి ఆ ఫోలేట్ కావాలి. గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చేది అందుకే.

దీనికి ఒంట్లోనే ఉన్న అడ్డు మెలనిన్, అంటే చర్మానికి నలుపునిచ్చే పదార్థం. చర్మకణంలో అది డీఎన్ఏ ఉండే కేంద్రకం మీద గొడుగు పట్టినట్టు చేరుతుంది. ఇది పిల్లలకు చెప్పినప్పుడు బోర్డు మీద బొమ్మ వేస్తాను, గొడుగు అనగానే అర్థమైపోతుంది. మెలనిన్ తయారు చేసే కణాలు నల్లవాళ్ళకైనా తెల్లవాళ్ళకైనా దాదాపు అన్నే ఉంటాయి. అవి ఎంత మెలనిన్, ఏ రకం మెలనిన్ చేస్తాయన్నదే తేడా. సన్‌స్క్రీన్ డబ్బాల మీద ఎండను ఎంత అడ్డుకుంటుందో చెప్పడానికి ఎస్పీఎఫ్ అని రాస్తారే, ఆ లెక్కన బాగా నల్లని చర్మం పైపొర సుమారు 13 అయితే తెల్లని చర్మానిది సుమారు 3. నల్లవాళ్ళకు వడదెబ్బ తగలదని కాదు, అది వేడికి సంబంధించినది, మన సముద్రపు గాలిలో చెమట ఆరదు కాబట్టి మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కానీ యూవీ విషయంలో పెదజాలారిపేటలో పొద్దుటి నుంచి వల బాగుచేసుకునే మనిషి వీపుకు ఆ నలుపే కాపు.

నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ అనే శాస్త్రవేత్తలు 2000లో ప్రపంచంలో ఎక్కడెక్కడ యూవీ ఎంత పడుతుందో, అక్కడ తరతరాలుగా ఉంటున్నవాళ్ళ రంగు ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూపించారు. రెండూ చాలావరకు కలిసే నడిచాయి. ఎండ తక్కువగా ఉన్న ఉత్తర దేశాలకు పోయినవాళ్ళకు అదే నలుపు, ఎండ సాయంతో చర్మంలో జరిగే విటమిన్ డి తయారీకి అడ్డు వచ్చింది, అక్కడ తెలుపు నిలిచింది. ఇంగ్లండులో దొరికిన, చెడ్డార్ మనిషి అని పిలిచే, సుమారు 10,000 ఏళ్ళ నాటి అస్థిపంజరం డీఎన్ఏను చదివినవాళ్ళు అతను బాగా నల్లగా ఉండి ఉంటాడని 2018లో చెప్పారు. అంటే యూరప్ తెలుపు కూడా మనం అనుకున్నంత పాతది కాదు.

ఇక జాతి సంగతి. ఆఫ్రికావాళ్ళు, పాపువా న్యూగినీవాళ్ళు, మనం, అందరం నల్లగానే ఉంటాం, కానీ రంగు కలిసింది కదా అని దగ్గరి చుట్టాలం కాము. మనుషుల జన్యువుల్లోని తేడాల్లో సుమారు 85 శాతం ఒకే జనాభాలోని మనిషికీ మనిషికీ మధ్యే ఉంటాయని జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ ల్యూవాంటిన్ 1972లోనే లెక్కగట్టారు. 'తెల్లగా ఉంటే ఆర్యులు, నల్లగా ఉంటే ద్రావిడులు' అని మా స్టాఫ్ రూమ్‌లోనే డిగ్రీలు చదివినవాళ్ళు అంటుంటే బాధేస్తుంది. హైదరాబాద్‌లో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2013లో ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు మీద పని చేశారు. ఆ జన్యువులో చర్మం రంగును లేతగా చేసే రకం యూరప్‌లోనూ మన దేశంలోనూ ఒకే మూలం నుంచి వచ్చిందని, ఇక్కడ చాలా సమూహాల్లో ఎక్కువ తక్కువగా పరుచుకుని ఉందని తేలింది. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్క చామనఛాయ, చెల్లి నలుపు అవుతున్నారంటే ఒక్కొక్కరికి ఏ రకం అందిందన్నది కూడా ఒక కారణం. అక్కాచెల్లెళ్ళు రెండు జాతులవుతారా?

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి ఆఫ్రికా దేశాల నుంచి పిల్లలు వస్తారు. మద్దిలపాలెంలో సిటీ బస్సు ఎక్కినప్పుడు ఒక కుర్రాడి పక్క సీటు ఖాళీగా ఉన్నా, నిలబడ్డవాళ్ళు కూర్చోకపోవడం కళ్ళారా చూశాను. నేను వెళ్ళి కూర్చుంటే బ్యాగు ఒళ్ళోకి తీసుకుని ఇంకాస్త కిటికీ వైపు జరిగాడు. ఎంత అలవాటై ఉంటే అలా జరుగుతాడు!

నేను అడిగేవి మూడే. రంగు తగ్గించే చిట్కాలు, క్రీములు మీ పేజీల్లో ఆపండి. పెళ్ళి ప్రకటనల్లో 'ఫెయిర్', 'తెల్లని అమ్మాయి కావలెను' లాంటి మాటలు ఇకనుంచి తీసుకోకండి, డబ్బిచ్చి వేయించుకున్నా సరే. ఎండాకాలంలో రోజూ ఉష్ణోగ్రత వేస్తున్నారు కదా, దాని పక్కన ఎండలో యూవీ ఎంత ఉందో చెప్పే అంకె, యూవీ ఇండెక్స్, కూడా వేయండి. మన దగ్గర వేసవి మధ్యాహ్నం అది 10 దాటడం మామూలే, 11 అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అత్యంత తీవ్రం. గొడుగు, తలపాగా, నిండు చేతుల చొక్కా ఎప్పుడు వేసుకోవాలో జనానికి తెలుస్తుంది.

ఆ ట్యూబు ఫొటో, డాక్టర్ రాసిన చీటీ కాపీ ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. చీటీ మీద పిల్ల పేరు కొట్టేశాను.

— ఒక బయాలజీ టీచర్, గాజువాక, విశాఖపట్నం