డర్బన్ వెళ్లే ముందు ఇది చదువు

ఒరేయ్ మురళీ,

డర్బన్ ఉద్యోగం ఖాయమైందని నీ మెసేజ్ చూసి ఎంత సంతోషం వేసిందో. దాని కింద నువ్వు పంపిన వీడియో కూడా చూశాను. "నాలుకతో టక్కు టక్కుమని కొడుతూ ఎలా మాట్లాడతార్రా వీళ్లు, నాకు ఈ జన్మలో వస్తుందా" అని అడిగావు కదా, ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేయబుద్ధి కాలేదు. వాళ్లు మాట్లాడేది జులు, దక్షిణాఫ్రికాలో మీ డర్బన్ వైపు భాష; దాని గురించి చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది, దొరికావు, ఓపిగ్గా చదువు.

వస్తుందిలే, భయపడకు. ఎవరికైనా కష్టం వచ్చిందని వింటే నాలుక కొసని పళ్ల వెనక ఆనించి "చ్చ్ చ్చ్" అంటాం చూడు, ఇంగ్లీషు అక్షరాలతోనే రాసే జులులో సి అక్షరం పలికేది ఆ శబ్దాన్నే. బండి తోలేవాళ్లు పశువుల్ని అదిలించడానికి దవడ పక్కనుంచి చేస్తారే, అది ఎక్స్. నాలుకని అంగిటికి అతికించి గట్టిగా కిందికి లాగితే వచ్చేది క్యూ. మనకివి మాటల బయట ఉండిపోయాయి, వాళ్లకి మాత్రం క, త, ప లాగే హల్లులు. కష్టమల్లా ఆ శబ్దం వెంటనే ఆగకుండా అచ్చు కలపడంలో ఉంది. మనం ఖోసా అని రాసే పొరుగు భాష పేరు మొదట్లో ఉన్నది కూడా ఆ ఎక్స్ శబ్దమే.

నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది కాదు, ఇవి ఆ భాషలోకి ఎలా వచ్చాయన్నది. జులు, ఖోసా రెండూ బంటు కుటుంబానికి చెందినవి. స్వాహిలితో సహా వందల భాషలున్న కుటుంబం, కామెరూన్ వైపు నుంచి తూర్పుకీ దక్షిణానికీ పాకుతూ వచ్చింది. ఆ భాషల్లో చాలావాటికి ఈ టక్కుమనే శబ్దాలు, అంటే క్లిక్కులు, లేవు, మూలభాషలోనూ లేవు. ఇవి దక్షిణాఫ్రికాలో అంతకు ముందే ఉన్న ఖోయ్, సాన్ ప్రజల భాషల్లోవి. ఇరుగుపొరుగు భాషల నుంచి మాటలు అరువు రావడం ఎక్కడైనా ఉన్నదే, కానీ కొత్త హల్లులు రావడం, వచ్చి సొంత మాటల్లోకి కూడా దూరిపోవడం అంత తేలిగ్గా జరిగేది కాదు.

దానికి జవాబు చాలావరకు కోడళ్ల దగ్గర దొరికింది. హ్లోనిఫ అని ఒక ఆచారం ఉంది, మర్యాద పాటించడం అన్నమాట. పెళ్లై అత్తింటికొచ్చిన అమ్మాయి మామగారి పేరు, ఆ ఇంటి పెద్ద మగవాళ్ల పేర్లు పలకకూడదు. అక్కడితో ఆగితే మనకీ కొత్త కాదు, మన పల్లెల్లో రేషన్ కార్డు వాళ్లు మొగుడి పేరు అడిగితే పక్కనున్న పిల్లాడి చేత చెప్పించిన ఆడవాళ్లు, "ఏడుకొండల స్వామి పేరే" అన్నవాళ్లు ఎంతమంది లేరు. కానీ హ్లోనిఫ ఇంకా లోపలికి వెళ్తుంది. ఆ పేరులోని అక్షరం వేరే ఏ మాటలో వచ్చినా దాన్నీ తప్పించాలి! నీటిగుర్రాన్ని జులులో ఇమ్‌వూబు అంటారు, కోడలి నోట ఆ 'వు' పోయి దాని చోట సి క్లిక్కుతో 'ఉ' వస్తుంది. సంగతి అని అర్థమున్న ఇందాబ కాస్తా ఇంజూషో అవుతుంది. ఇల్లు అన్న మాటలోకి కూడా అదే సి క్లిక్కు దిగుతుంది.

ఈ మాటల్లో ఏది మారిందో ఏది మారలేదో చూడు. ముందున్న 'ఇం' అలాగే ఉంది, దాని తర్వాతి భాగమే మారింది. జులులో నామవాచకాలన్నీ డజనుకు పైగా తరగతులుగా ఉంటాయి, మాట ముందుండే ముక్క ఆ తరగతిని చెబుతుంది, వాక్యంలో మిగతావన్నీ దాన్నే అనుసరిస్తాయి. "అబంత్వాన బామి బయద్లాల" అంటే నా పిల్లలు ఆడుకుంటున్నారు, "ఇజింజా జామి జియద్లాల" అంటే నా కుక్కలు ఆడుకుంటున్నాయి. ఒకదాంట్లో బ, రెండోదాంట్లో జ చివరిదాకా ఎలా నడిచాయో విను. ముందు ముక్కని కదిపితే వాక్యమంతా చెదిరిపోతుంది. అందుకే సాధారణంగా ధాతువునే మార్చి ముందు ముక్కని వదిలేస్తారు. పలక పట్టని ఆడవాళ్లు తమ భాష వ్యాకరణం ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో అంత కచ్చితంగా ఎరిగి మాట్లాడారు. ఇది చదివినప్పుడు నిజంగా ఒళ్లు పులకరించిందిరా.

తీసేసిన శబ్దం స్థానంలో పెట్టడానికి సొంత భాషలో లేని శబ్దమైతే ఇంకా మంచిది, ఏ పేరుకీ తగలదు. పక్కన ఖోయ్, సాన్ భాషలున్నాయి, ఆ జనాల నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లూ ఉన్నారు. పిల్లలు తల్లి నోటి నుంచే కదా భాష నేర్చుకునేది, అలా క్లిక్కులు స్థిరపడిపోయాయని రాబర్ట్ హెర్బర్ట్ అనే భాషావేత్త 1990లో వాదించాడు. క్లిక్కులున్న మాటల్లో నేరుగా అరువొచ్చినవీ ఉన్నాయి, అన్నీ హ్లోనిఫ వల్లే అనలేం. అయినా నాకు ఈ వాదనే బలంగా అనిపిస్తుంది.

ఈ మాటల్ని నిఘంటువులోకి ఎక్కించినవాళ్లలో ఒకాయన గురించి నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి, బెనెడిక్ట్ విలకాజి. జులు కవి, 1946లో డాక్టరేట్ అందుకున్నాడు, దక్షిణాఫ్రికాలో ఆ పట్టా సాధించిన మొదటి నల్లజాతి మనిషి. అంతటివాడికి విట్‌వాటర్‌స్రాండ్ యూనివర్సిటీలో దక్కింది సహాయకుడి హోదా. క్లెమెంట్ డోక్ అనే భాషావేత్తతో కలిసి చేసిన జులు నిఘంటువు 1948లో వచ్చింది, విలకాజి అంతకు ముందు ఏడాదే 41 ఏళ్లకి చనిపోయాడు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇక ఈ ఆచారం ఆడవాళ్ల నోరు నొక్కడమేనా అంటే, నొక్కడమే, అందులో నాకు అనుమానం లేదు. మామగారికి లేని బరువు కోడలికెందుకు? పట్నాల్లో చాలామంది వదిలేస్తున్నారు, వదిలేయడమే న్యాయం. కానీ ఆ బరువు మోస్తూ వాళ్లు భాషకే కొత్త హల్లులు ఇచ్చారు, ఆ గుర్తింపు వాళ్లకి దక్కాలి. రోజలీ ఫిన్లేసన్ అనే పరిశోధకురాలు ఖోసా ఆడవాళ్ల హ్లోనిఫ మీద ఏళ్ల తరబడి పనిచేసింది, దొరికితే చదువు.

అక్కడ 1860 నుంచి మద్రాసు ఓడల్లో చెరుకు తోటలకి వెళ్లిన మన తెలుగువాళ్ల సంతతి ఉంది, వాళ్లనీ కలువు. జులు మాత్రం ఆఫీసులో ఎవరినైనా బతిమాలి నేర్చుకో, "సౌబోన" అని పలకరించడంతో మొదలుపెట్టు. కొత్తగా పెళ్లైన అమ్మాయిని అక్కడ మకోటి అంటారు, అలాంటివాళ్లని పరిచయం కాగానే హ్లోనిఫ గురించి అడిగేయకు, ఇంటి విషయం అది. కాస్త వయసున్న ఆవిడ ఎవరైనా స్నేహంగా ఉంటే, ఆవిడ కోడలిగా వచ్చినప్పుడు ఏ మాటలు మార్చి పలికిందో అడిగి, చెప్పడానికి ఇష్టపడితే నాకు రాసి పంపు. డోక్, విలకాజి నిఘంటువు పాత పుస్తకాల షాపులో కనబడితే ధర చూడకుండా కొనేయ్, డబ్బులు నేను పంపిస్తా.

నీ
శంకరం